పిలిస్తే పలికే దూరం

మాటులోకి ఒకసారి దూరాక ఆరు గంటల పాటు బయటికి రాకూడదన్నది పిట్టల మేడమ్ పెట్టిన మొదటి షరతు. దగ్గకూడదు. తుమ్ము వస్తే ముక్కు నులుముకోవాలి. కాలు తిమ్మిరెక్కితే ఎక్కనివ్వాలి. మాటు అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. వాగు గట్టున ముందుకు వంగిన బండ కింద నాలుగు కర్రలు పాతి, ఆకుపచ్చ టార్పాలిన్ కప్పి, పైన కొమ్మలు పరిచిన గుహలాంటిది. లోపల ఒక స్టూలు, దుర్భిణి, చేతిగడియారం, నోటుపుస్తకం, మంచినీళ్ళ సీసా, మిగతా అవసరానికి మూతున్న డబ్బా. ఎదురుగా టార్పాలిన్‌కి అరచేతంత కంత. ఆ కంతలోంచి చూడటమే ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఒక వేసవికి చిట్టికి దొరికింది. చిట్టికి ముప్పై తొమ్మిదేళ్ళు. అయినా ఊరందరికీ ఆమె ఇంకా చిట్టే. వాళ్ళ అన్నయ్యది లాండ్రీ. కొండ దిగువ హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రి దుప్పట్లూ అక్కడికే వస్తాయి. ఇరవయ్యో ఏట ప్రెస్సు మెషీను ముందు నిలబడిన మనిషి, ఆదివారాలు మినహా, ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది.

మేడమ్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. వేసవి సెలవుల్లో ఈ వాగు మీద గూళ్ళు లెక్కపెట్టడానికి వస్తుంది. ఒకరోజు బట్టల మూట తెచ్చి బల్ల మీద పెడుతూ, ఊరికే మాట వరసకి, "ఈ పక్కన పిట్టలేమైనా కనిపిస్తాయా?" అంది.

చిట్టి ప్రెస్సు మీంచి తలెత్తకుండానే చెప్పింది. "మా వెనక కాలవలో ఒకటుందండీ. గుప్పెడంత ఉంటుంది, ఒళ్ళంతా గోధుమ రంగు. నీళ్ళలోకి నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. అడుగున నడుస్తుందండీ, నిజంగానే. మళ్ళీ బయటికొచ్చి రాయెక్కి గుంజిళ్ళు తీస్తుంది. ఏ తప్పు చేసిందో మరి."

మేడమ్ రసీదు తీసుకోవడం కూడా మర్చిపోయింది. మర్నాడే వచ్చి అన్నయ్యని అడిగింది. చదువుకున్నావిడ, కారు దిగి వచ్చి నిలబడి అడిగితే మొహం మీద కాదనలేక, "పొద్దుటి పూటే కదా, తీసుకెళ్ళండి" అన్నాడు అన్నయ్య. తర్వాత రెండు రోజులు ఇంట్లో మూతి ముడుచుకుని తిరిగాడు.

అలా చిట్టి పొద్దున్న ఆరింటికి మాటులో దూరి పన్నెండింటికి బయటికి వచ్చేది. అక్కణ్ణించి తిన్నగా ప్రెస్సు దగ్గరికి. అవతలి గట్టున చిన్న జలపాతం పక్కన రాతి చూరు కింద నాచుతో కట్టిన గూడు ఉంది, బోర్లించిన చట్టిలా. తల్లీ తండ్రీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి తల్లి కాలికి మేడమ్ ఎర్ర రింగు తొడిగింది. ఏది ఎప్పుడు వచ్చింది, ముక్కున ఏం తెచ్చింది, ఎంతసేపు ఉంది, అన్నీ రాయాలి. ఏమీ జరగకపోయినా పది నిమిషాలకోసారి టైము వేసి 'ఏమీ లేదు' అని రాయాలి. చిట్టి చేతిరాత ఇస్త్రీ చేసినట్టుండేది. మేడమ్ పేజీలు తిప్పుతూ, "మా స్టూడెంట్లకి చూపించాలి ఇది" అనేది.

ఐదో వారంలో మేడమ్ ఒక మాట చెప్పింది. పై లోయలో పరిశోధన కేంద్రం ఉంది. ఏడాది పొడుగునా అక్కడే ఉండి పిట్టల్ని చూసే మనిషి కావాలి. గది ఇస్తారు, పొయ్యి ఇస్తారు, మంచు పడ్డ నెలల్లో మరో మనిషి కనిపించడు. "నీ పేరు రాస్తాను. ఉంటావా?" అంది.

చిట్టి ఆలోచించలేదు. "ఉంటాను" అంది. ఆ సాయంత్రమే అన్నయ్యకీ వదినకీ చెప్పింది. అన్నయ్య, "చూద్దాంలే" అన్నాడు. వదిన మాత్రం అన్నయ్య మొహంలోకి చూసింది.

అదైన పది రోజులకీ మేడమ్ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పైగా మాట్లాడేటప్పుడు కొంచెం మెత్తగా, ఒంట్లో బాగాలేని మనిషిని పలకరించినట్టు పలకరిస్తోంది. రాతలో ఏదో తప్పు చేశానేమోనని చిట్టి నోటుపుస్తకం మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదువుకుంది. తప్పేమీ దొరకలేదు.

ఆ ఆదివారం గూట్లో పిల్లలకి పదిహేడో రోజు. పదిహేను రోజులు దాటాక మరీ జాగ్రత్తగా ఉండాలని మేడమ్ చెప్పి ఉంది. ఆ వయసులో ఎవరైనా గూటి దగ్గర అలికిడి చేస్తే పిల్లలు భయపడి ముందే దూకేస్తాయి. ఎగరడం రాదు. కింద ప్రవాహం. "ఏం జరిగినా సరే బయటికి రావద్దు. నీకు ఊపిరాడకపోతే తప్ప" అని నవ్వింది మేడమ్.

నిజానికి ఆ వారం చిట్టి వంతు పై వంతెన దగ్గర. అక్కడి గూడు పాము పాలవడంతో మేడమ్ ఆమెని మళ్ళీ ఇక్కడికే పంపింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు; వాళ్ళ లెక్కలో ఆమె ఇంకా వంతెన దగ్గరే ఉంది. ఎవరూ అడగలేదు.

తొమ్మిదీ నలభైకి రాళ్ళ మీద చెప్పుల చప్పుడు వినిపించింది. కంతలోంచి ముందు వదిన చీర కుచ్చిళ్ళు కనిపించాయి, తర్వాత అన్నయ్య ప్యాంటు మడతలు. ఇద్దరూ వచ్చి మాటుకి నాలుగు బారల దూరంలో, సరిగ్గా గూటికెదురుగా బండ మీద కూర్చున్నారు. అన్నయ్య నడుం పట్టుకుని మూలుగుతూ కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు.

"ఇక్కడైతే నయం. ఇంట్లో గుసగుసలాడినా గోడ అవతలివాళ్ళకి వినపడుతుంది" అన్నాడు.

ఎర్ర రింగు తల్లి అప్పుడే ముక్కు నిండా పురుగులతో వచ్చింది. మనుషుల్ని చూసి దిగువ రాయి మీద ఆగిపోయింది. చిట్టి రాసింది: '9.40. ఇద్దరు మనుషులు. తల్లి ఆగింది.'

"ఇంతకీ ఆ మేడమ్‌తో ఏం చెప్పారు మీరు?" అంది వదిన.

"ఏం చెప్తాను, ఎప్పుడూ చెప్పేదే. దానికి ఫిట్స్ వస్తాయి, ఒంటరిగా ఉంచకూడదని."

చిట్టి పెన్ను ఆగింది. మొదట వాళ్ళు ఇంకెవరి గురించో మాట్లాడుకుంటున్నారనుకుంది.

"నేను ఈ ఇంటికొచ్చి పదహారేళ్ళండీ" అంది వదిన. "ఒక్కసారి చూడలేదు నేను."

"తొమ్మిదేళ్ళప్పుడు పడిపోయిందిగా."

"అది ఆవిరి గదిలో కళ్ళు తిరిగి పడటం. అత్తయ్యే చెప్పారు నాకు."

అన్నయ్య కాళ్ళతో నీళ్ళు కదుపుతూ ఉండిపోయాడు. "నర్సింగు స్కూల్లో దానికి సీటొచ్చిందా, అప్పుడే నాన్న మంచాన పడ్డాడు" అన్నాడు చివరికి. "మెషీను దగ్గర మనిషి లేడు. ఒక్క ఏడాది ఆపుదామనుకున్నా, అంతే. స్కూలుకి ఫోన్ చేసి ఫిట్స్ అన్నాను. వాళ్ళు డాక్టరు కాగితం అడిగారు. డాక్టరుకీ అదే చెప్పా, ఆయన రాసిచ్చాడు. ఆ కాంపౌండరు నోట్లోంచి ఊరంతా పాకింది. ఇంకేం చెయ్యను? ఒకసారి అనేశాక వెనక్కి ఎలా మింగేది?"

"దానికి తెలుసా?"

"దానికెవరు చెప్తారు? రోగం ఉన్నవాళ్ళ మొహం మీద ఎవరంటారు?"

'9.50. తల్లి రాయి మీదే. గుంజిళ్ళు. తండ్రి కూడా వచ్చి ఆగింది.'

"పోనీ చెప్పేద్దామండీ" అంది వదిన, నీళ్ళకేసి చూస్తూ.

"చెప్తే ఉంటుందా? ప్రెస్సు దగ్గర నువ్వు నిలబడతావా, ఆ మోకాళ్ళతో?"

వదిన మోకాళ్ళు రుద్దుకుంది. కొంచెంసేపటికి, "ఈ వేసవి అయ్యాక చూద్దాం" అంది.

పది గంటల ఇరవై ఐదుకి వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఆ నలభై ఐదు నిమిషాలూ చిట్టి స్టూలు మీద కదల్లేదు. పది నిమిషాలకోసారి టైము వేసి రాస్తూనే ఉంది. బయటికి దూకి ఎదురుగా నిలబడాలని ఒళ్ళంతా ఉడికిపోయింది. అవతల నాచు గూట్లోంచి నాలుగు పసుపు నోళ్ళు ఆకలితో తెరుచుకుని ఉన్నాయి. తను ఒక్కసారిగా బయటపడి అరిస్తే అవి బెదిరి దూకుతాయి.

తర్వాత ఒక్కొక్కటే అర్థమవడం మొదలైంది. పక్క కొట్టు టైలర్ బాబాయి తను మెట్లు దిగుతుంటే ఎప్పుడూ మోచెయ్యి ఎందుకు పట్టుకుంటాడో. స్కూటర్ నేర్పుతానన్న ఆయన రెండో రోజే మొహం ఎందుకు చాటేశాడో. ప్రతి శనివారం చొక్కాలు తెచ్చి, ఇచ్చిన తర్వాత కూడా బల్ల దగ్గర పావుగంట నిలబడే లెక్కల మాస్టారు ఉన్నట్టుండి తన చొక్కాలు ఎందుకు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడో. ఇరవై ఏళ్ళుగా జనం తన పట్ల ఎంత మంచిగా ఉన్నారో చిట్టి ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంది.

ఇంటికెళ్ళింది. నోరు విప్పలేదు. ఇప్పుడు గొడవ పడితే మర్నాటి నుంచి వాగుకి పంపరు. పిల్లలు ఎగరడానికి ఇంకా ఐదు రోజులున్నాయి. ఆ ఐదు రోజులూ వదిన వడ్డించింది తింది, అన్నయ్య అడిగినదానికి ఊ కొట్టింది. మధ్యాహ్నాలు ఆసుపత్రి దుప్పట్లు రోలర్ల మధ్యకి తోసింది. పొద్దున్నే పోయి మాటులో కూర్చుంటే కొంత ఊపిరి ఆడేది. ఆ టార్పాలిన్ కింద కనీసం ఎవరూ తనని కనిపెట్టి చూడరు.

శుక్రవారం పొద్దున్న పిల్లలు బయటికొచ్చాయి. మూడు గట్టు రాళ్ళ మీదికి చేరాయి. నాలుగోది జారి నీళ్ళలో పడి, మెలికలు తిరుగుతూ కొట్టుకుపోయి, వంపు దగ్గర ఒక వేరు పట్టుకుని పైకొచ్చింది. చిట్టి అన్నీ టైములతో సహా రాసింది. పన్నెండింటికి పుస్తకం మూసి లాండ్రీకి నడిచింది.

అన్నయ్య దుప్పట్లు మడతపెడుతున్నాడు, వదిన పక్కన నిలబడి అందిస్తోంది. "నాకు ఫిట్స్ ఎప్పుడొచ్చాయన్నయ్యా?" అంది.

అన్నయ్య చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"అడిగేది నిన్నే. ఎప్పుడొచ్చాయి? ఎన్నిసార్లు? నురగ వచ్చిందా? నాలిక కరుచుకున్నానా? చెప్పు!" ఆమె గొంతు లేచింది. ఇరవై ఏళ్ళలో ఆ గదిలో ఎవరూ ఆ గొంతు వినలేదు. చేతికందిన దుప్పట్ల దొంతర తోసేసింది. అవి నేల మీది తడిలో పడ్డాయి. "మాట్లాడవేం? ఊరందరికీ చెప్పగలిగావే, నాకు చెప్పలేవా?"

ఈలోగా పక్క కొట్టులోంచి టైలర్ బాబాయి పరుగెత్తుకొచ్చాడు, మెడలో టేపు ఊగుతూ. వచ్చీ రాగానే చిట్టి మోచెయ్యి పట్టుకున్నాడు.

"కూర్చో తల్లీ, కూర్చో. ఏం ఫర్వాలేదు, తగ్గిపోతుంది. అమ్మాయ్, ఆ మెషీను ఆపు! మంచినీళ్ళు తీసుకురా!" వదినతో అంటున్నాడు. చిట్టి చెయ్యి విదిలించుకుంది. ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "చూడు, చెయ్యి ఎలా వణుకుతోందో" అన్నాడు జాలిగా.

చిట్టి తన చేతికేసి చూసుకుంది. నిజంగానే వణుకుతోంది. ఎంత గింజుకుంటే అంతగా ఆయన మాట నిజమవుతుంది. అరిచినా, ఏడ్చినా, కింద పడి దొర్లినా అన్నీ అందులోకే వస్తాయి. ఆమె మెల్లగా బల్ల మీద కూర్చుంది. వదిన నీళ్ళ గ్లాసు ఇస్తే తాగింది.

"చూశావా, తగ్గిపోయింది" అన్నాడు టైలర్ బాబాయి.

మర్నాడు ఆమె మేడమ్ గదికి వెళ్ళింది. నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది.

"నలభై ఎనిమిది పొద్దుటి పూటలండీ ఇవి. పది నిమిషాలకోసారి రాశాను. ఎక్కడైనా ఖాళీ ఉందేమో చూడండి. ఎక్కడైనా గీత వంకర పోయిందేమో చూడండి."

మేడమ్ పేజీలు తిప్పలేదు. అంతకుముందే తిప్పి ఉంది. ఆదివారం పేజీ మాత్రం తెరిచి, "ఈ ఇద్దరు మనుషులెవరు?" అంది.

"మా అన్నయ్యా వదినా."

అంతా విన్నాక మేడమ్ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "ఆయన చెప్పినప్పుడు నేను నిన్నడగాల్సింది. అడిగితే బాధపడతావేమో అనుకున్నాను" అంది. తర్వాత కాస్త ఆగి, "నేను నమ్మినా లాభం లేదు చిట్టీ. మీ అన్నయ్య మాట నేను ఆఫీసుకి రాసేశాను. ఇప్పుడు వాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. రెండు వారాల్లో ఇవ్వాలి" అంది.

ఊళ్ళో డాక్టరు ఒక్కరే. ఆయన పాత బీరువాలోంచి చిట్టి ఫైలు తీశాడు. పసుపెక్కిన కాగితం మీద ఆయన రాతే ఉంది: ఏడాదికి రెండు మూడుసార్లు.

"మీరెప్పుడైనా చూశారా?" అంది చిట్టి.

"నేను చూడటమేమిటమ్మా? వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళే కదా చూసేది. వాళ్ళు చెప్పింది రాసుకుంటాం."

"వాళ్ళు చెప్పింది అబద్ధం."

డాక్టరు ఆమెకేసి ఓపికగా చూశాడు. "చాలామందికి తమకి వచ్చినట్టు గుర్తుండదమ్మా" అన్నాడు.

చిట్టి ఇంటికొచ్చి అన్నయ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈసారి గొంతు పెంచలేదు. "రేపు నాతో వచ్చి డాక్టరుకి నిజం చెప్పు" అంది.

అన్నయ్య నేల చూపులు చూస్తున్నాడు. "చెప్తే నా పరువేం కాను?" అన్నాడు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ వదిన, "వెళ్ళండి" అంది. ఒక్క మాటే. అన్నయ్య తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

మర్నాడు వెళ్ళాడు. డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడి మొత్తం చెప్పాడు. తండ్రి మంచాన పడ్డం, మెషీను, ఫోను. చెబుతూ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. డాక్టరు అంతా విని పెన్ను మూత పెట్టాడు.

"ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడే నిలబడి, ఇలాగే ఏడుస్తూ, ఉన్నాయని చెప్పావు. ఇవాళ లేవంటున్నావు. చెల్లెలికి మంచి ఉద్యోగం వస్తోందని నాకూ తెలుసు. ఇందులో ఏ రోజు మాట నమ్మమంటావయ్యా?"

"ఇవాల్టిదేనండీ."

"ఆ రోజూ నిజమే చెబుతున్నానన్నావు." ఆయన మంచివాడే. "రేపు ఆ కొండ మీద మంచులో ఏమైనా అయితే సంతకం పెట్టింది నేను కదా" అన్నాడు. ఫైల్లో కింద ఒక వాక్యం చేర్చాడు: 'సోదరుడు ఇప్పుడు కాదంటున్నాడు.' పైన రాసింది మాత్రం కొట్టెయ్యలేదు. పెద్దాసుపత్రిలో తల పరీక్షకి చీటీ రాసిచ్చాడు.

పరీక్షకి మూడు నెలల తర్వాత తేదీ ఇచ్చారు. ఈలోగా పై లోయ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళిపోయింది. ఆ తేదీకి చిట్టి ఒక్కతే బస్సెక్కి వెళ్ళి తలకి వైర్లు పెట్టించుకుని వచ్చింది. పరీక్షలో ఏమీ లేదన్నారు. ఏమీ లేదని కాగితం అడిగితే, "ఈరోజు ఏమీ లేదు" అని రాసిచ్చారు.

ఊళ్ళో అన్నయ్య ఎదురుపడ్డవాళ్ళందరికీ చెప్పి చూశాడు. ఎవరూ వాదించలేదు. "అలాగేలే, దేవుడి దయ వల్ల తగ్గిపోయిందన్నమాట" అన్నారు. టైలర్ బాబాయి సంతోషించి, అలవాటు కొద్దీ చిట్టి మోచెయ్యి పట్టుకున్నాడు.

మళ్ళీ వేసవి వచ్చింది. మేడమ్ ఆఫీసుతో పోట్లాడి చిట్టికి పాత పని మళ్ళీ ఇప్పించింది, ఒక షరతు మీద. ఆమెని పిలిస్తే పలికే దూరంలో ఇంకో మనిషి ఉండాలి. అరగంటకోసారి ఆ మనిషి ఆమె క్షేమం కనుక్కుని పుస్తకంలో రాయాలి.

"మా అన్నయ్య కూర్చుంటాడండీ" అంది చిట్టి.

"వేరే ఎవరినైనా చూడొచ్చు. జీతం ఇస్తారు" అంది మేడమ్.

"వద్దండీ. అన్నయ్యే."

పిలిస్తే పిట్టలు బెదురుతాయి కాబట్టి లాండ్రీలో బట్టలారేసే నైలాన్ తాడు తెచ్చారు. ఒక కొస మాటులో చిట్టి ముంజేతికి, రెండో కొస వంపు అవతల బండ మీద కూర్చున్న అన్నయ్య ముంజేతికి. అరగంటకోసారి ఆయన లాగుతాడు, ఆమె తిరిగి లాగుతుంది. ఆయన తన పుస్తకంలో టైము వేసి 'పలికింది' అని రాస్తాడు. సిగరెట్ కాల్చకూడదు, లేచి తిరగకూడదు, దగ్గకూడదు. పన్నెండయ్యేసరికి ఆయన నడుం కట్టెలా బిగుసుకుపోయేది. లాండ్రీలో ఆ పూట ప్రెస్సు దగ్గర వదిన నిలబడేది, మోకాళ్ళకి గుడ్డ చుట్టుకుని.

ఒకరోజు తొమ్మిదిన్నరకి తాడు లాగింది. చిట్టి ముంజెయ్యి కదిలింది. ఆమె తిరిగి లాగలేదు.

ఎందుకు లాగలేదో ఆమెకీ తెలియదు. తల్లి గుడ్ల మీద కూర్చుని ఉంది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండోసారి తాడు గట్టిగా లాగింది, చర్మం ఒరుసుకునేలా. మూడోసారి ఆగి ఆగి రెండు కుదుపులు. తర్వాత వంపు అవతల రాళ్ళు దొర్లిన చప్పుడు, ఆ నడుంతో ఒక మనిషి లేవబోతూ పెట్టిన మూలుగు. చిట్టి అప్పుడు లాగింది. చప్పుడు ఆగిపోయింది.

పన్నెండింటికి ఇద్దరూ కిందికి నడుస్తున్నారు. స్టూలు అన్నయ్య మోస్తున్నాడు.

"ఎందుకంత ఆలస్యం చేశావే? ప్రాణాలు పోయాయనుకో నాకు" అన్నాడు.

చిట్టి ముంజేతి మీద ఎర్రబడ్డ గీతని రుద్దుకుంటోంది.

"ఏమైందో అనుకున్నా" అన్నాడు మళ్ళీ. కొంచెం దూరం నడిచాక, "రేపు కూడా నేనే రావాలా?" అన్నాడు.

"నువ్వే రావాలి."

"ఎన్నాళ్ళే?"

"ఆ ఫైల్లో కొట్టేసేదాకా."

అన్నయ్య స్టూలు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. లాండ్రీ గుమ్మంలో వదిన గోడకానుకుని నిలబడి వీళ్ళకోసం చూస్తోంది. లోపల ఆసుపత్రి దుప్పట్లు నడుం ఎత్తున పేరుకుని ఉన్నాయి. చిట్టి చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, ప్రెస్సు స్విచ్చి వేసింది.